పిన్ని బుగ్గ మీద ఎర్ర బోదెలు

సంక్రాంతికి రావులపాలెం దగ్గర మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో పొయ్యి ముందు కూర్చుని అరిసెలు వేయిస్తోంది. "అమ్మాయ్, నువ్వు బళ్లో పిల్లలకి సైన్సు చెబుతావుగా. ఇదేంటో చెప్పు. మొహం మీద నరాలు తెగిపోతున్నాయే" అని మొహం వెలుతురు వైపు తిప్పింది. ముక్కు రెక్కల పక్కన, రెండు బుగ్గల మీద దారప్పోగుల్లాంటి సన్నటి గీతలు. కొన్ని ఎరుపు, కొన్ని కాస్త ఊదా. అక్కడక్కడా రెండుగా చీలి మళ్లీ కలుస్తున్నాయి.

వాళ్లింట్లో అన్నీ స్టీలు గ్లాసులే. చుట్టాలొస్తే టీ ఇచ్చే గాజు గ్లాసొకటి వెతికి తెచ్చి, దాని పక్కభాగాన్ని పిన్ని బుగ్గకి ఆనించి మెల్లగా నొక్కాను. గాజులోంచి చూస్తుండగానే గీతలు మాయమైపోయాయి. గ్లాసు తీయగానే ఒక చివర నుంచి ఎరుపు పాకుతూ వచ్చి మళ్లీ నిండింది. పక్కనే ఉన్న మా చెల్లెలు "అమ్మో, మళ్లీ వచ్చేశాయి" అంది.

నరం నిజంగా తెగి రక్తం బయటికి కారిపోయి ఉంటే, ఎంత నొక్కినా ఆ ఎరుపు పోదు. కమిలిన దెబ్బ మీద గాజు పెట్టి నొక్కి చూడండి, అలాగే ఉంటుంది. పిన్ని బుగ్గ మీది రక్తం నొక్కితే పక్కకి జరిగింది, వదిలితే వెనక్కి వచ్చింది. అంటే అది ఇంకా నాళంలోనే ఉంది, పారుతూనే ఉంది. ఇంగ్లీషులోనూ వీటిని పగిలిన నాళాలనే అంటారు, మనమూ తెగిన నరాలంటాం. రెండూ తప్పే. వైద్యులు వాడే మాట టెలాంజియెక్టేసియా. గ్రీకులో చివర, నాళం, సాగడం అనే మూడు మాటల కలయిక. చిట్టచివరి నాళాలు సాగిపోవడం అన్నమాట. ఆ పేరు పెట్టినవాళ్లు సరిగ్గానే చూశారు.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర నీరు ప్రధాన కాలువలో పడుతుంది, అక్కడి నుంచి బ్రాంచి కాలువలు, పిల్లకాలువలు, ఆఖరికి చేలో బోదెలు. ఒంట్లో రక్తం దారీ అంతే. ఆఖరి బోదెలే కేశనాళికలు. మామూలుగా వాటి వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతుకి మించదు. ఎర్రరక్తకణాలు ఒకదాని వెనక ఒకటి, గట్టు మీద బళ్లో పిల్లల్లా వరసగా నడవాల్సిందే. అంత సన్నటిది కంటికి ఆనదు. మన బుగ్గ మీద గీతలా కనపడాలంటే అది మిల్లీమీటరులో పదో వంతైనా ఉండాలి. పిన్ని మొహంలో కొన్ని అరమిల్లీమీటరు దాకా ఉన్నాయి. బోదెకి గండి పడలేదు, గట్టు జారి వెడల్పయింది. జారిన గట్టు దానంతటదే మళ్లీ లేచి నిలబడదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఏ క్రీము ఏం చేయగలదో, ఏ ప్రకటన ఎంతవరకు అబద్ధమో సగం తెలిసిపోతుంది.

చర్మంలో గట్టు మట్టి లాంటిది కొల్లాజెన్. పైపొరలో రక్తనాళాలుండవు, దాని కింది పొరలో ఉంటాయి. వాటిని చుట్టూ పట్టి ఉంచేది ఈ కొల్లాజెన్, ఎలాస్టిన్ పీచులే. వయసుతో అవి సన్నబడతాయి. తెల్లగా, పల్చటి చర్మంతో పుట్టినవాళ్లకి తొందరగా కనపడతాయి, కొందరికి ఇంట్లో వంశపారంపర్యంగా వస్తాయి. వీటిలో మన చేతిలో ఉన్నవేమీ లేవు కాబట్టి ముందుకి పోదాం.

చేతిలో ఉన్నవాటిలో మొదటిది ఎండ. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల్లో యూవీఏ అనే రకం లోపలి పొర దాకా దిగి కొల్లాజెన్‌ని కొరుకుతుంది. యూవీబీ రకం పైపొరని కాలుస్తుంది. చేలల్లో నాట్లు వేసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుంటారు. అది చాలామంచి రక్షణ, ఒక్క మొహానికి తప్ప. నీళ్ల మీద నుంచి ఎండ ఎగిరి మొహానికి కొడుతుందని చేపల చెరువుల దగ్గర పనిచేసేవాళ్లు అంటుంటారు. నిజమే గానీ, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీరు తిప్పికొట్టేది చాలా తక్కువ. అంతర్వేది ఒడ్డున ఎండిన ఇసుక దాదాపు 15 శాతం తిప్పికొడుతుంది, అలల నురగ 25 శాతం దాకా. మొహం మీద పడే ఎండలో ఎక్కువ భాగం మాత్రం నేరుగా పైనుంచే వస్తుంది. మబ్బు పట్టిందని ధైర్యపడటానికీ లేదు. పల్చటి మబ్బులోంచి 80 శాతం దాకా కిరణాలు దిగుతాయి.

రెండోది వేడి. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్లని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్క లాగు, రేకు లేస్తుంది. ఆ లాగు లాగినప్పుడల్లా మొహం సెగ మీదికి వంగుతుంది, రోజుకి వందలసార్లు. సెగ తగిలితే నాళాలు వెడల్పవుతాయి, ఒంట్లో వేడి బయటికి పంపడానికి. అది శరీరం చేసే మంచి పనే. కానీ కొందరికి ఈ ఎర్రబడటం రోజూ, గంటల తరబడి, చిన్న కారణానికే వస్తుంది. దాన్ని రోజేసియా అంటారు. కారం, వేడివేడి టీ, కల్లు, ఎండ, కోపం, ఏదైనా చాలు. అలా మాటిమాటికీ సాగి ముడుచుకునే నాళం ఒకరోజున ముడుచుకోవడం మానేస్తుంది. మనవాళ్లు "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. మజ్జిగ మంచిదే, కానీ రోజేసియాకి మందు వేరే ఉంది. చామనఛాయ చర్మం మీద ఈ ఎరుపు ఎరుపులా కనపడదు, నల్లబడినట్టు, కమిలినట్టు, ఒక్కోసారి గోధుమరంగు మచ్చలా ఉంటుంది. అందుకే మన దగ్గర చాలామందికి అది రోజేసియా అని తెలియకుండానే ఏళ్లు గడుస్తాయి, మొటిమలని కొందరు, మంగు అని కొందరు.

మంగు మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను. పిన్నిని "మొహానికి ఏం రాస్తున్నావు?" అని అడిగాను. "ఏం రాస్తానే, కొబ్బరినూనె" అంది. మా చెల్లెలు లోపలికి వెళ్లి అద్దం వెనక నుంచి సగం నొక్కిన ట్యూబు తెచ్చి చేతిలో పెట్టింది. పిన్ని చూపు అరిసెల మీదికి మళ్లించింది. ట్యూబు మీద అక్షరాలు చీమలంత ఉన్నాయి. ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చదివాను. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మోమెటాసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం. పక్కనే, డాక్టరు చీటీ మీదే అమ్మాలని చెప్పే ఆర్‌ఎక్స్ గుర్తు. "ఎన్నాళ్లనుంచి?" అంటే, "పెద్దదాని పెళ్లప్పట్నుంచి" అంది. నాలుగేళ్లు.

ఆ మూడింట్లో మూడోది స్టెరాయిడ్. మంగుకి మూడు మందులు కలిపి రాయడం కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, విల్లిస్ అనే చర్మవైద్యులు 1975లో మొదలుపెట్టారు, అది డాక్టరు చూస్తుండగా కొద్దివారాలు వాడే పద్ధతి. ఇప్పుడు అక్కడ అనుమతి ఉన్న అలాంటి క్రీములో స్టెరాయిడ్ మనదానికంటే మెతక రకం, దానికి కూడా ఎనిమిది వారాల హద్దు పెట్టారు. మన దగ్గర అదే ట్యూబు పౌడరు డబ్బాలా అయిపోయింది. పార్లరులో ఎవరో చెబుతారు, పెళ్లికూతురికి తోటికోడలు చెబుతుంది, కువైట్ నుంచి వచ్చిన చుట్టం ఇంకో డబ్బా తెస్తుంది. పేరు, తయారీ వివరాలు లేని ఆ డబ్బాల భయం వేరు. తెలుపు చేసే క్రీముల్లో పాదరసం దొరికిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

స్టెరాయిడ్ రాయగానే మొహం ఎందుకు తెల్లబడుతుంది? అది నాళాలని ముడుచుకునేలా చేస్తుంది. ఎరుపు తగ్గుతుంది, చర్మం పాలిపోతుంది. ఈ పాలిపోవడం ఎంత కచ్చితంగా జరుగుతుందంటే, ఏ స్టెరాయిడ్ ఎంత ఘాటైనదో తేల్చడానికి 1962లో మెకంజీ, స్టౌటన్ అనే పరిశోధకులు దాన్నే కొలబద్దగా వాడారు. ముంజేతి మీద పూసి ఎంత తెల్లబడిందో చూడటమే పరీక్ష. పెళ్లికి ముందు వారంలో "భలే తేలింది మొహం" అని అందరూ అన్న తెలుపులో కొంత ఇదే. పైగా అదే మందు లోపల కొల్లాజెన్ తయారీని తగ్గించేస్తుంది. చర్మం పల్చబడుతుంది, గట్టు మట్టి నీళ్లలో కలిసిపోతుంది. పట్టి ఉంచేది లేక నాళాలు సాగుతాయి, పైన పొర పల్చనై అవి బయటికి కనపడతాయి. మోచేతి మీద ఏళ్లు పట్టే ఈ నష్టం, చర్మం పల్చగా ఉండి మందు ఎక్కువగా ఇంకే మొహం మీద నెలల్లోనే మొదలవుతుంది.

ఇక మానేద్దామని చూస్తే అసలు చిక్కు. రెండుమూడు రోజుల్లో మొహం మండుతుంది, ఎర్రగా ఉబ్బుతుంది, చిన్నచిన్న పొక్కులొస్తాయి. ఇన్నాళ్లూ బలవంతంగా ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. మళ్లీ ట్యూబు రాస్తే గంటలో చల్లబడుతుంది. దాంతో "ఇది లేకపోతే నా మొహం పాడైపోతోంది, ఇదే నా మందు" అనిపిస్తుంది. పిన్ని రెండుసార్లు మానేసి రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టిందట. దీనికి మన దేశపు చర్మవైద్యులు పేరే పెట్టారు, స్టెరాయిడ్‌కి అలవాటుపడి దెబ్బతిన్న మొహం అని. వాళ్ల సంఘం ఐఏడీవీఎల్ దీని మీదే ఒక కార్యదళాన్ని నడుపుతోంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు 14 రకాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ ఎవరడుగుతున్నారన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఫ్లూఒసినోలోన్ అని ఏదైనా ఉంటే, మొహానికి రాస్తూ నెల దాటి ఉంటే, ఇంకో క్రీము కొనకముందు చర్మవైద్యుణ్ని కలవండి. ఒక్కసారిగా ఆపాలా, మెతక రకానికి మారి దిగాలా అన్నది ఆయన తేలుస్తారు. మధ్యలో వచ్చే మంటని తట్టుకోవడానికి మందులున్నాయి. మానేశాక కొన్ని నెలల్లో సన్నటి గీతలు కొన్ని తగ్గుతాయి. లావువి ఉండిపోతాయి.

సరే, రోజూ మొహానికి ఏం చేయాలి? పైపూతతో సాగిన నాళం మూసుకోదు, అది ముందే ఒప్పుకోవాలి. కొత్తవి రాకుండా ఆపడం, చుట్టూ ఉన్న ఎరుపు తగ్గించడం, పైపొర గట్టిపడేలా చూడటం, ఈ మూడూ మాత్రం పైపూతకి చేతనైన పనులు. చుట్టూ ఎరుపు తగ్గితే గీతలు సగం కనపడవు, అది తక్కువ లాభమేం కాదు.

వీటిలో సన్‌స్క్రీన్ ఒక్కటీ సరిగ్గా రాస్తే మిగతావన్నీ లేకపోయినా ఫర్వాలేదంటాను. ఎస్‌పీఎఫ్ అన్న అంకె ప్రధానంగా యూవీబీ కిరణాల లెక్క. 30 అంటే దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అంటే 98. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు డబ్బు పెట్టక్కర్లేదు. కొల్లాజెన్‌ని కొరికే యూవీఏ కిరణాలకి ట్యూబు మీద పీఏ అన్న అక్షరాల పక్కన ఉన్న ప్లస్ గుర్తులు చూడాలి, మూడైనా ఉండాలి. బస్సు కిటికీ అద్దం యూవీబీ కిరణాలని ఆపుతుంది గానీ యూవీఏ కిరణాలు చాలామటుకు లోపలికొస్తాయి. రోజూ అమలాపురం నుంచి కాకినాడ ఒకే వైపు కిటికీ పక్కన కూర్చుని వెళ్లేవాళ్లు ఆ వైపు బుగ్గ సంగతి ఓసారి అద్దంలో చూసుకోండి.

ఎంత రాయాలి అన్నదాంట్లోనే అందరం మోసపోతాం. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకీ సరిపోతుంది, అది ఒక గ్రాముకి తక్కువుండదు. అంటే రోజుకి ఒక్కసారి రాసినా 50 గ్రాముల ట్యూబు ఏడు వారాలు దాటకుండా అయిపోవాలి. మీ ట్యూబు ఉగాది నుంచి దసరా దాకా వచ్చిందంటే మీరు రాస్తున్నది సన్‌స్క్రీన్ కాదు, దాని వాసన. మన చెమటకి క్రీము రకం కారిపోతుంది, జెల్ రకం కాస్త నిలబడుతుంది. పల్చబడి మండే మొహానికి మాత్రం జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి పడతాయి. అవి తెల్లటి పొర వదులుతాయి, కాబట్టి కొంచెం రంగు కలిపినవి చూసుకోండి. ఆ రంగు ఇచ్చే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతుర్ని కూడా కొంత ఆపుతుంది, మంగు ఉన్నవాళ్లకి అదో లాభం. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చేలో కుదరదంటారా, గొడుగూ వెడల్పు అంచు టోపీ ఉన్నాయి, తువ్వాలు కొంగు నుదురు దాటి ముందుకి లాక్కోవచ్చు.

కొబ్బరినూనె గురించి కోనసీమలో చెడ్డగా రాస్తే బతకనివ్వరు గానీ, అది ఎండని ఆపదు. జుట్టుకి రాజా, మొహానికి కొందరిలో మొటిమలు తెస్తుంది. తేమ కోసం గ్లిజరిన్, సెరమైడ్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్ మేలు. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మం పీహెచ్ 5 దరిదాపుల్లో. నురగ తక్కువ వచ్చే మెత్తటి ఫేస్‌వాష్ ఉంటే చాలు. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి తువ్వాలుతో అద్దడం.

ఇవన్నీ నెల రోజులు కుదిరాక, మంట లేకపోతే, విటమిన్ బి3 రకమైన నయాసినమైడ్ 4, 5 శాతం ఉన్న క్రీము ఒకటి మొదలుపెట్టొచ్చు. అజెలాయిక్ ఆసిడ్ 15 నుంచి 20 శాతం రోజేసియాకీ మంగుకీ రెండింటికీ పనికొస్తుంది, మొదట్లో చురచురలాడుతుంది. విటమిన్ ఎ జాతి మందైన రెటినాయిడ్ నెలల మీద కొల్లాజెన్ పెంచుతుంది గానీ ఎర్రబడ్డ మొహం మీద తొందరపడి రాస్తే కథ మొదటికొస్తుంది, గర్భిణులు అసలు వాడకూడదు. అమెరికాలో 2013లో బ్రిమోనిడిన్ జెల్, 2017లో ఆక్సీమెటజోలిన్ క్రీము రోజేసియా ఎరుపుకి వచ్చాయి. నాళాలని కొన్ని గంటలు ముడిచి ఉంచుతాయి, గీతల్ని చెరపలేవు, కొందరికి దిగేటప్పుడు ముందుకంటే ఎక్కువ ఎరుపు తెస్తాయి. లాకు దించి కాలువ బాగుచేశానన్నట్టు ఉంటుంది.

ఇక వంటింటి వైద్యం. భోగి రోజు నలుగు పెట్టించుకోండి, చేతులకీ కాళ్లకీ. మొహం మీద సున్నిపిండితో రుద్దుడు మాత్రం వద్దు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గరుంటుంది, అది పూసుకుని ఎండలోకి వెళితే కాలి నల్లబడినవాళ్లున్నారు. వంటసోడా, టూత్‌పేస్ట్, ఆవిరి పట్టడం, పార్లరు బ్లీచ్, అన్నీ జారిన గట్టు మీద గేదెల్ని తోలడమే.

గీతలు అసలు పోవాలంటే బోదె మూసేయాలి, దానికి లేజర్ ఉంది. నాళంలోని హీమోగ్లోబిన్ కొన్ని రంగుల వెలుతురుని బాగా పీల్చుకుంటుంది. సరిగ్గా ఆ రంగు వెలుతురుని క్షణంలో చిన్న భాగంపాటు కొడితే రక్తం వేడెక్కి నాళం గోడ లోపలే ముద్దకడుతుంది, చుట్టూ చర్మం బతికిపోతుంది. తర్వాత వారాల్లో ఒళ్లు దాన్ని కరిగించి తీసేస్తుంది. ఆండర్సన్, ప్యారిష్ అనే వైద్యులు 1983లో ఈ సూత్రాన్ని వివరించారు. ఆ బోదె మూసుకుంటే చేను ఎండిపోతుందన్న భయం అక్కర్లేదు, చుట్టూ బోదెలు బోలెడు.

ఇబ్బంది మన రంగుతో వస్తుంది. చర్మానికి రంగిచ్చే మెలనిన్ కూడా అదే వెలుతురు కోసం ఎదురుచూస్తూ పైపొరలో కూర్చుని ఉంటుంది. 532 నానోమీటర్ల (ఇది వెలుతురు అల పొడవు లెక్క) కేటీపీ లేజర్, 595 దగ్గరి పల్స్‌డ్ డై లేజర్ తెల్లవాళ్లకి బాగా పనిచేస్తాయి. చామనఛాయకి, నలుపుకి మొదటిది మచ్చలు మిగల్చొచ్చు, రెండోదాంట్లోనూ తగ్గించి వాడాలి. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్‌ని మెలనిన్ అంతగా పట్టించుకోదు. అది లోతుకి దిగుతుంది, కానీ ఎక్కువ శక్తి పెట్టాలి కాబట్టి చెయ్యి తిరిగిన వైద్యుడే చేయాలి. ఐపీఎల్ అనే వెలుతురు యంత్రం మన చర్మం మీద ఇంకా జాగ్రత్తగా వాడాల్సినది. అందుకే రాజమండ్రిలోనో కాకినాడలోనో క్లినిక్కుకి వెళ్లినప్పుడు "ఏ లేజరండీ, ఎన్ని నానోమీటర్లండీ, ముందు చెవి దగ్గర చిన్నచోట చేసి చూస్తారా?" అని అడగండి. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. ఒక్కసారితో అవదు, నెల, నెలన్నర తేడాతో రెండుమూడుసార్లు పడుతుంది. స్టెరాయిడ్ మానేసి మొహం కుదుటపడకుండా చేయించుకోకూడదు. ఏప్రిల్, మే ఎండల్లో అసలు వద్దు.

గీతలన్నీ అందం సంగతే కాదు. మధ్యలో ఎర్రటి చుక్క, దాని నుంచి సాలీడు కాళ్లలా గీతలు ఉండి, ఆ చుక్క మీద పెన్సిలు మొనతో నొక్కితే కాళ్లన్నీ మాయమైతే అది వేరే రకం. గర్భిణుల్లో వచ్చి కాన్పయ్యాక చాలావరకు పోతాయి. మద్యం అలవాటున్న మగవాళ్ల ఛాతీ మీద, మెడ మీద అలాంటివి నాలుగైదు కనపడితే లివరు పరీక్ష చేయించాలి. పెదవుల మీద, నాలుక మీద ఎర్రచుక్కలుండి చిన్నప్పట్నుంచీ ముక్కు నుంచి రక్తం కారుతుంటే, ఇంట్లో ఇంకొకరికీ అలాగే ఉంటే, అది వంశంలో వచ్చే నాళాల జబ్బు కావచ్చు. వేళ్ల చర్మం బిగుసుకుపోయి మొహం మీద ఎర్రచుక్కలు తేలినా, మెరిసే చిన్న బొడిపె మీద గీతలు పాకి అది మానకుండా రక్తం కారుతున్నా, క్రీముల దగ్గర ఆగకండి.

పిన్ని ఆ ట్యూబు నాకే ఇచ్చేసి, మర్నాడు రాజమండ్రి వచ్చింది. డాక్టరు చూసి మెతక రకంతో మెల్లగా దింపారు. మూడో వారంలో ఫోన్ చేసి "మొహం మంటెక్కిపోతోందే, ఆ ట్యూబు పారేశావా, ఉంచావా?" అంది. పారేశాననే చెప్పాను. ఏప్రిల్‌కి కాలువలు కట్టేసేనాటికి ఎరుపు చాలా దిగింది, ముక్కు పక్కన నాలుగైదు లావు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. లేజరు సంగతి అడిగితే, "వానలు పడనీ, అప్పుడు చూద్దాం" అంది. నిన్న వీడియో కాల్‌లో చూపించింది, బుగ్గకి గాజు గ్లాసు తనే ఆనించుకుని.